వదిలేసిన కోర్సూ, మా సాలూరూ

మొన్న ఇంకో ఆన్‌లైన్ కోర్సు రెండో వారంలోనే వదిలేశాను. ఇది నాలుగోది. మీ లెక్క ఎంత? :)

మాది సాలూరు, లారీల ఊరు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అలాంటివాటిలో అదే మొదటిది (1991లో అంబేద్కర్ పేరు పెట్టారు). ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష పాసైతే డిగ్రీలో చేరొచ్చన్నారు. బడి మానేసి లారీ ఎక్కినవాడికీ, పెళ్ళితో చదువు ఆగిపోయినావిడకీ అది రెండో అవకాశం. అచ్చు పుస్తకాలు, రేడియో పాఠాలు, సెలవురోజు క్లాసులు, అంతే. అందరూ పూర్తి చేశారని అనను గానీ, చేసినవాళ్ళకి ప్రమోషనో, ఉద్యోగమో, కనీసం ఇంట్లో గౌరవమో ఎదురుగా కనబడేది.

2012 నుంచి ప్రపంచమంతా ఉచిత ఆన్‌లైన్ కోర్సుల హడావిడి. చేరినవాళ్ళలో ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోయారు. పాఠాలు బాలేక కాదనుకుంటా. నాకు డిగ్రీ ఉంది, జీతం వస్తోంది. వదిలేసినా పోయేదేం లేదు. అందుకే వదిలేశాను.