బ్రిగేడ్ రోడ్డు పక్క వీధిలో రాక్ సంగీతం



డెంకణికోట, కెలమంగలం వైపు నుంచి పూలూ కూరగాయలూ ఎక్కించుకుని అర్ధరాత్రి దాటాక బయలుదేరే బండ్లు తెల్లవారకముందే బెంగుళూరు మార్కెట్టు చేరతాయి. మనవాళ్ళు అక్కడ మూటలు దించే వేళకు అదే ఊళ్ళో మరో పేట అప్పుడే నిద్రకు ఉపక్రమిస్తుంది. అదే బ్రిగేడ్ రోడ్డు, చర్చి స్ట్రీటు, రెస్ట్ హౌస్ రోడ్డు ఉన్న పేట. అక్కడ రాక్ సంగీతం ఎలా స్థిరపడిందో, ఏ చిక్కుల్లో పడిందో ఈ పూట ముచ్చటించుకుందాం. అక్కడి మద్యాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. పాటకు చోటు దొరకడం ఎంత కష్టమో చెప్పడమే ఉద్దేశం.

ఈ కథకు మొదలు మన దారిలోనే ఉంది. 1791లో మూడవ మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సేనలు మార్చి నెలలో బెంగుళూరు కోటను, జులైలో మన హోసూరు, రాయకోటలను పట్టుకున్నాయి. టిప్పు సుల్తాను పతనమైన తరువాత శ్రీరంగపట్నంలో ఉంచిన దండు 1809లో బెంగుళూరుకు మారింది. అలా కంటోన్మెంటు పుట్టింది. మద్రాసు సైన్యంలోని తెలుగు, తమిళ సిపాయిల కుటుంబాలు అక్కడ కాపురం పెట్టాయి. దండు ఉన్నచోట బ్యాండు ఉంటుంది, బ్యాండు ఉన్నచోట విని ఆనందించేవాళ్ళూ ఉంటారు. కవాతులు జరిగిన సౌత్ పరేడ్ 1948లో మహాత్మా గాంధీ రోడ్డు అయింది. పేరు మారినా పాశ్చాత్య సంగీతం మీద మోజు ఆ వీధుల్ని వదల్లేదు.

రాక్ అంటే ఏమిటని పెద్దలు అడగవచ్చు. ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు, గొంతెత్తి పాడే గాయకుడు, వీటి కలయిక అది. అమెరికాలోని నల్లజాతివారి బ్లూస్ పాటల్లో దాని వేర్లు ఉన్నాయి. 1950లలో రూపుదిద్దుకుని లోకమంతా పాకింది. ఇది తెలుగువాళ్ళకు బొత్తిగా పరాయిదనుకోనక్కరలేదు. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో తెలుగు కవిత్వంలో కలకలం రేపిన పఠాభి, అంటే పట్టాభిరామిరెడ్డి గారు, బెంగుళూరులోనే స్థిరపడ్డారు. వారి కుమారుడు కోణార్క్ రెడ్డి ఆ నగరం ఎరిగిన గిటారు విద్వాంసుడు.

1980ల చివరి సంవత్సరాల్లో బెంగుళూరుకు పబ్బుల నగరమన్న పేరు వచ్చింది. బీరు తయారీ అక్కడ పాత పరిశ్రమే. యునైటెడ్ బ్రూవరీస్ సంస్థ 1915 నాటిది. చర్చి స్ట్రీటులో నాసా అనే పబ్బును అంతరిక్ష నౌకలా అలంకరించారు. అయితే మన కథకు ముఖ్యమైనది పెకోస్. దాన్ని 1989లో రెస్ట్ హౌస్ రోడ్డులో కొలిన్ టిమ్స్ ప్రారంభించారు. ఇరుకైన మెట్లు, మసక వెలుతురు, చెక్క బల్లలు, గోడల మీద జిమీ హెండ్రిక్స్ వంటి వాద్యకారుల బొమ్మలు. హంగు లేదు. దాని ఆస్తి అంతా క్యాసెట్లే.

ఆ మాటకు విలువ తెలియాలంటే అప్పటి కాలం గుర్తుచేసుకోవాలి. విదేశీ సంగీతం చూపే ఉపగ్రహ టీవీ మన దేశానికి వచ్చింది 1991లో. అంతకుముందు విదేశీ రికార్డు దొరకడమే గగనం. ఎవరో ఒకరు తెచ్చుకుంటే పదిమంది నకలు తీసుకునేవారు. అలాంటి రోజుల్లో ఒక్క బీరు ముందు పెట్టుకుని సాయంత్రమంతా వినగలిగిన చోటు కుర్రవాళ్ళకు బడిలాంటిదే. విన్నవారిలో కొందరు వాయించడం మొదలుపెడతారు గదా! 1996లో థర్మల్ అండ్ ఎ క్వార్టర్ అనే బృందం బెంగుళూరులో పుట్టింది. ముగ్గురు మలయాళీలు, మరొకరు పావువంతు మలయాళీ. ఆ లెక్కనే చమత్కారంగా పేరు చేసుకున్నారు. నాలుగు భాషల నడుమ బతికే మనకు ఆ చమత్కారం ఇట్టే అర్థమవుతుంది. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బృందం ప్యాలెస్ మైదానంలో వాయించే నాటికి రాక్ అంటే బెంగుళూరు అన్న పేరు స్థిరపడింది.

చిక్కు వచ్చింది ఒక మాట దగ్గర. బెంగుళూరులో ‘లైవ్ బ్యాండ్’ అంటే మామూలు జనానికి గిటారు బృందం గుర్తురాదు, ఆడవాళ్ళ చేత ఆడించే బార్లు గుర్తొస్తాయి. వాటిని అదుపు చేయడానికి 2005లో పోలీసు లైసెన్సు ఉత్తర్వు వచ్చింది. అదే వల గిటారు పట్టుకున్న కుర్రవాళ్ళ మీదా పడింది. 2008లో పోలీసులు పబ్బుల్లో పాట మీద, ఆట మీద గట్టిగా ఆంక్షలు పెట్టారు. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లుతుందని తీర్పు చెప్పింది. లైసెన్సు లేని పబ్బులు ఎన్నో తమ వేదికలు ఎత్తేశాయి. క్యాసెట్ల మీద బతికిన పెకోస్ మాత్రం ముప్పై ఏళ్ళ గడప దాటింది. విచిత్రం చూడండి! యంత్రం పాడితే నిలిచింది, మనిషి పాడితే చిక్కొచ్చింది.

ఇరుగుపొరుగు వారి బాధను కొట్టిపారేయలేం. రాత్రి పన్నెండింటికి డ్రమ్ముల మోత భరించమని పసిబిడ్డ తల్లికి ఎవరు చెప్పగలరు? కానీ మోతను అదుపు చేయడం వేరు, పాటను మాన్పించడం వేరు. ఇంగ్లండులో లివర్‌పూల్ పట్టణం ఒక గుణపాఠం నేర్చుకుంది. బీటిల్స్ బృందం 1961 నుంచి 1963 వరకు 290 సార్లకు పైగా వాయించిన కావెర్న్ క్లబ్బును 1973లో రైలు పనుల కోసం మూసి, ఆ నేలమాళిగను పూడ్చేశారు. పోయిన తరువాత విలువ తెలిసింది. 1984లో పాత ఇటుకలే ఏరి తెచ్చి మళ్ళీ కట్టుకున్నారు.

ఇది పట్నం గొడవ, మనకెందుకు అనుకోకండి. రాత్రి పదింటి తరువాత లౌడ్ స్పీకర్లు పనికిరావన్న 2000 సంవత్సరపు నిబంధన మన జాతరలో తెల్లవార్లూ ఆడే వీధినాటకానికీ వర్తిస్తుంది. ఆడేవాళ్ళకూ నిద్రపోయేవాళ్ళకూ ఒప్పందం కుదరాలి. భజన మందిరమైనా, గిటారు వేదికైనా పదిమంది కూడి పాడుకునే చోటు ఊరికి అవసరం. మీ ఊళ్ళో అలాంటి చోటు ఏది, అక్కడ ఎవరెవరు పాడారు, ఎప్పుడు ఆగిపోయింది, ఎందుకు ఆగింది? పెద్దలను అడిగి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. అన్ని చోట్లా పాత ఇటుకలు దొరకవు.