చవక చాకు, ఖరీదైన నవ్వు

ఈసారి రాత కొంచెం పొడవైంది. పనులయ్యాక తీరిగ్గా చదవండి.

మన గ్రూపులో కత్తుల మీద ఇష్టమున్న కుర్రాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. మంచిదే. కొలిమి మానేసిన ఇళ్ళ పిల్లలు కూడా ఉక్కులో కర్బనం ఎంత, క్రోమియం ఎంత అని మాట్లాడుకుంటుంటే ముచ్చటగా ఉంటుంది. కానీ పోయిన నెల ఒకాయన సంతలో కొన్న మడతచాకు ఫొటో సంబరంగా పెడితే వచ్చిన జవాబులు మీరూ చూశారు. "ఎంతకు తెస్తివన్నా?" అని ఒకరు. "వంకాయన్నా తెగుతుందా?" అని ఇంకొకరు. "ఇది కత్తి కాదు, డబ్బా రేకు" అని మరొకరు. నవ్వు బొమ్మలకైతే లెక్క లేదు. సాయంత్రానికి ఆ ఫొటో లేదు. ఆ చాకు ధర నూరు రూపాయలు దాటి ఉండదు. మన నవ్వు ఖరీదు మాత్రం అంతకంటే చాలా ఎక్కువని నా లెక్క. ఎందుకో చెప్పాలంటే ఉక్కు చరిత్రలోకి కొంచెం వెళ్ళాలి.

ముందు మన నేల సంగతి. మన రాయచూరు జిల్లాలోని మస్కి పేరు వినగానే అందరికీ అశోకుడి శాసనం గుర్తొస్తుంది. 1915లో అది బయటపడింది. అదే మస్కిలో 1954లో జరిగిన తవ్వకాల్లో పెద్ద రాతి సమాధులు కట్టిన కాలపు పొరల్లో ఇనుప వస్తువులు దొరికాయి. అంటే అశోకుడి కంటే ముందే ఈ నేల మీద కొలిమి ఉంది. రాయచూరు కోట గోడలో ఉన్న 1294 నాటి పెద్ద బండను చూడండి. నలభై అడుగులకు పైబడిన ఆ రాతి మీద ఉన్నది తెలుగు శాసనం. కాకతీయుల కాలంలో గోరె గంగయ రెడ్డి కోట కట్టించిన సంగతి చెబుతుంది. అంత రాతిని చెక్కే ఉలి పొద్దునకీ సాయంత్రానికీ మొండిదవుతుంది. దాన్ని మళ్ళీ మళ్ళీ కొలిమిలో కాల్చి సాగగొట్టి పదును పెట్టినవాడు లేకుండా కోటా లేదు, శాసనమూ లేదు.

1956 నవంబరు 1 దాకా మన జిల్లా హైదరాబాదు రాజ్యంలో ఉండేది. అదే రాజ్యంలో ఉత్తరాన ఉన్న నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఒకప్పుడు లోకానికి ఉక్కు పంపిన ఊరు. రెండు రకాల ఇనుమును కలిపి, మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, రాత్రింబగళ్ళు కాల్చి ఉక్కు ముద్దలు తీసేవారు. సర్వే శాఖలో వైద్యుడిగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్ళి చూసి రాసుకున్నాడు. ఆయన చనిపోయాక 1832లో ఆ రాత అచ్చయింది. అందులో ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కోసం వచ్చిన వర్తకుడి ప్రస్తావన ఉంది. అంతకు ముందే, 17వ శతాబ్దంలో, వజ్రాల వ్యాపారి టావెర్నియర్ కూడా ఇరాన్‌లో నీటి అలల్లాంటి గీతలు తేలే కత్తులకు ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ ఇరాన్ వర్తకుడి కంటే కత్తి తెలిసినవాడు ఆ రోజుల్లో ఎవరుంటారు? ఆయన ఇస్ఫహాన్‌లో కూర్చుని పక్కవాడి కత్తికి పేర్లు పెట్టలేదు. నెలల ప్రయాణం చేసి, మూస దగ్గరికి వచ్చి, పని చేసేవాడి పక్కన నిలబడ్డాడు. తెలివి అంటే అది. తెలిసినవాడు వస్తువు దగ్గరికి వస్తాడు.

ఇప్పుడు లండన్ వెళ్దాం. 1794లో బొంబాయిలో ఉన్న వైద్యుడు హెలెనస్ స్కాట్ మన దేశపు ఉక్కు ముద్దల్ని లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. మన 'ఉక్కు' అన్న మాటే వాళ్ళ నోట్లో, రాతలో మారి 'ఊట్జ్' అయిందని చాలామంది పండితుల మాట. తెలుగులోనూ కన్నడంలోనూ ఆ మాట ఒకటే కాబట్టి మన రాయచూరువాళ్ళకు తగాదా లేదు. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద పరిశీలన పత్రం చదివాడు.

ఆ ముద్దలు చూడటానికి నల్లగా, మొరటుగా, వాళ్ళకు కొత్తగా ఉన్నాయి. అప్పటికి షెఫీల్డ్ ఉక్కు అంటే వాళ్ళకు మహా గర్వం. నవ్వి పక్కన పడేయడానికి కావలసినంత అవకాశం ఉంది. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు ఏం చేశాడంటే, ఒక ముక్క తీసుకుని కొలిమిలో పెట్టాడు. సాగగొట్టడానికి చాలా కష్టపడ్డాడు. చివరికి దానితో చేసింది రాజుగారి ఖడ్గం కాదు. కలం చెక్కుకునే చిన్న చాకు! దాని అంచు వాళ్ళ మేలైన ఉక్కు చాకుకు ఏమాత్రం తీసిపోలేదు. చాలా పనులకు ఇదే మేలని ఆయన తేల్చాడు. తర్వాత తన దుకాణం కార్డు మీద కూడా యూరప్‌లోని మంచి ఉక్కు కంటే భారతదేశపు ఉక్కే తనకు ఇష్టమని అచ్చు వేయించుకున్నాడు. 1819 నుంచి ఈ స్టోడార్ట్‌తో కలిసి ఉక్కు మీద ప్రయోగాలు చేసినవాడు మైకేల్ ఫారడే. విద్యుత్తు పాఠాల్లో చదువుకున్న ఆ ఫారడేనే. ఆయన తండ్రి కమ్మరి. ఇది మన పిల్లలకు తప్పకుండా చెప్పండి.

మన ఉక్కుకు అక్కడ గౌరవం దొరికింది పొగడ్తల వల్ల కాదు. ఒక పనివాడు ముందు చేతిలోకి తీసుకుని, తర్వాత నోరు తెరిచాడు కాబట్టి.

దీనికి ఎదురు కథ కూడా షెఫీల్డ్‌లోనే ఉంది. 1913లో హారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఏం చేయాలని వెతుకుతూ, క్రోమియం ఎక్కువగా కలిపిన ఉక్కు తుప్పు పట్టదని గమనించాడు. ఆయన కూడా ఉక్కు కరిగించే కూలీ కొడుకే. "దీనితో వంటింటి కత్తులు చేయండి" అని ఊళ్ళోని పనివాళ్ళకు చెప్పాడు. వాళ్ళు పాత ఉక్కును కాల్చినట్టే దీన్నీ కాల్చారు. ఈ ఉక్కుకు ఇంకా ఎక్కువ వేడి కావాలి. పదును నిలవలేదు. ఇంకేం, తెగని కత్తులు కనిపెట్టిన మొనగాడని ఆయనకు పేరు పెట్టి నవ్వుకున్నారు. వాళ్ళంతా తరతరాలుగా కత్తులు చేసినవాళ్ళు. కత్తి గురించి వాళ్ళకు తెలియనిది లేదనుకున్నవాళ్ళు. ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే ఒక్కడు మాత్రం పట్టు వదల్లేదు. మొదటి ప్రయత్నాలు చెడిపోయినా బ్రియర్లీతో కలిసి మళ్ళీ చేసి సాధించాడు. ఈరోజు మీ వంటింట్లో, నా వంటింట్లో, ఆసుపత్రిలో సర్జన్ చేతిలో ఉన్నది ఆ నవ్వులపాలైన లోహం సంతానమే. సంతలో అమ్మే చవక చాకు కూడా ఎక్కువగా ఆ వంశంలోదే.

కాబట్టి తెలిసినవాళ్ళ నవ్వు ఎప్పుడూ తెలివి నుంచే పుడుతుందని అనుకోకండి. ఒక్కోసారి అలవాటు నుంచి పుడుతుంది.

మరి నిజంగానే నాసిరకం కత్తి అయితే? ఏ కాలంలోనూ అలాంటి కత్తులు ఉన్నాయి, వాటిని చూసి మురిసిపోయినవాళ్ళూ ఉన్నారు. మార్క్ ట్వేన్ 1876లో అచ్చు వేసిన 'టామ్ సాయర్' నవలలో పన్నెండున్నర సెంట్ల బార్లో చాకు ఒకటి వస్తుంది. బైబిలు వాక్యాలు కంఠస్థం చేసినందుకు అక్క వరసైన మేరీ టామ్‌కు దాన్ని ఇస్తుంది. ఆ చాకుతో ఏమీ తెగదు. ఆ సంగతి రచయితే చెబుతాడు. అయినా అది అసలైన బార్లో, అంతే చాలు, పిల్లవాడికి ఒళ్ళంతా పులకరింత. ట్వేన్ ఆ చాకును వెనకేసుకురాడు, పిల్లవాడి సంతోషాన్ని తక్కువ చేయడు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. మనకు కావలసింది ఆ నేర్పు.

ఇంకో మాట. చవకది అంటే చెడ్డది అని రాసిపెట్టి లేదు. ఫ్రాన్సులో సవోయ్ కొండల్లో 1890లో జోసెఫ్ ఒపినెల్ ఒక మడతచాకు మొదలుపెట్టాడు. చెక్క పిడి, పల్చటి అలుగు, ఇంకేమీ లేదు. రైతులు, గొర్రెల కాపరులు జేబులో వేసుకు తిరిగారు. ఈ రోజుకీ అది తక్కువ ధరదే. వేలు పోసి కత్తులు కొనే సేకరణదారుల దగ్గర కూడా అది ఒకటి ఉంటుంది. మన దగ్గర చూడండి. పాత లారీ కమాను పట్టీ ముక్కతో కొలిమిలో చేసిన కొడవలిని మనం తుక్కుతో చేసిందంటాం. ఆ పట్టీలో కర్బనం సుమారు 0.6 శాతం ఉంటుంది. అదే జాతి ఉక్కును అంకెల పేరుతో పిలిచి, మెరుగు పెట్టి, తోలు ఒరలో పెట్టి అమెరికాలో అమ్మితే మన కుర్రాళ్ళే నోరు తెరుచుకుని చూస్తారు.

ఇక మన కొలిమి మర్యాద గురించి. పాత రోజుల్లో కమ్మరికి కళ్ళంలో గింజల వాటా ఉండేది. ఏడాదికి ఇంత ఆయం అని. దానికి బదులుగా ఆ రైతు కర్రు, పార, గొడ్డలి, కొడవలి ఏడాది పొడుగునా చక్కగా ఉంచే బాధ్యత కమ్మరిది. అది ఎక్కడ కొన్నాడు, ఎంతకు కొన్నాడు అన్న ప్రశ్నే లేదు. తెచ్చినదాన్ని పని చేసేట్టు చేయాలి. ఆ పద్ధతిలో చెడు చాలా ఉంది. పంట పోయిన ఏడు కమ్మరి పస్తే. పెద్ద రైతు ఎంత కొలిస్తే అంత. దాన్ని నేను పొగడటం లేదు. కానీ ఒక గుణం మాత్రం ఉండేది. వచ్చినవాడి పనిముట్టును తక్కువ చేస్తే కమ్మరికి వచ్చే లాభం ఏమీ లేదు. గింజల ఆయం పోయి ప్రతి కత్తీ అమ్మకం సరుకయ్యాకే, పక్కవాడి సరుకును చిన్నబుచ్చడం బేరంలో భాగమైందని నా ఉద్దేశం. ఈ కాలం కుర్రాళ్ళు కత్తులు అమ్మకపోయినా ఆ బేరగాడి భాషను మాత్రం పట్టుకున్నారు.

సరే, స్నేహితుడు చవక చాకు తెచ్చి మురిపెంగా చూపించాడు. ఏం చేయాలి? నాకు తోచింది చెబుతాను. ముందు చేతిలోకి తీసుకోవాలి. ధర అడగొద్దు, దేనికి తీసుకున్నావని అడగాలి. నిమ్మకాయ కోయడానికి, సంచి కుట్టు విప్పడానికి కొన్నవాడికి ఇస్ఫహాన్ ఖడ్గం అక్కర్లేదు. పిడి మంచిగుంటే పిడి మంచిగుందని చెప్పాలి. లేని గొప్పను పొగడొద్దు. అది కూడా అవమానమే. పిడిలో అలుగు కదులుతున్నా, వేళ్ళ మీదికి మూసుకుపోయేట్టున్నా ఆ మాట దాచకూడదు. అందరి ముందు కాదు, పక్కకు పిలిచి చెప్పాలి. చివరగా, సానరాయి తీసి ఆ చాకుకు పదును పెట్టి ఇవ్వాలి. మెత్తని ఉక్కు పదును తొందరగా పోతుంది, నిజమే. కానీ తొందరగా ఎక్కుతుంది కూడా. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లో అతను ఉక్కు గురించి నేర్చుకునేది, మనం గంటసేపు ఇచ్చే ఉపన్యాసంలో నేర్చుకోడు. మళ్ళీ మొండిదైనప్పుడు మన దగ్గరికే వస్తాడు. నవ్వించుకున్నవాడు మాత్రం రాడు. రెండో కత్తి కూడా ఎక్కడో కొంటాడు, మనకు చూపించడు.

మన కొలుములు ఎన్ని ఆరిపోయాయో అందరికీ తెలుసు. మిగిలిన నాలుగు నిలబడాలంటే కత్తి కొనేవాడి కంటే ముందు, కత్తి చూపించడానికి సిగ్గుపడనివాడు కావాలి. విరిగిన ఇనుమును కాల్చి అతికే విద్య మన తాతలది. విరిగిన మనసుకు ఆ విద్య పనిచేయదు.

దసరాకు ఖండే పూజ వస్తోంది. ఆ రోజు సమ్మెట, పట్టకారు, లక్ష రూపాయల యంత్రం, పది రూపాయల చాకు అన్నీ ఒకే పీట మీద పెట్టి ఒకే కుంకుమ పెడతాం. ఈసారి మన సంఘం తరపున ఆ ముందు రోజు ఒక సానరాయి పెట్టుకుని కూర్చుందాం. ఎవరు ఏ కత్తి తెచ్చినా, ఎక్కడ కొన్నదైనా, డబ్బు లేకుండా పదును పెట్టి పంపుదాం. కూర్చోవడానికి ఎవరెవరు వస్తారో కింద పేరు రాయండి. కత్తుల గురించి బాగా తెలిసిన కుర్రాళ్ళ పేర్లు ముందు కనిపించాలి.