బిడ్డ ప్రక్కన కూర్చున్నవారు

చికిత్సల చరిత్రలో సిద్ధాంతకర్త పేరు నిలుచును. బిడ్డ ప్రక్కన దినమెల్ల కూర్చున్నవారి పేరు నిలువదు. ఆటిజం గల పిల్లలకు మాటలాడుట, తినుట, బట్టలు తొడుగుకొనుట మున్నగు పనులను చిన్నచిన్న మెట్లుగా విడదీసి నేర్పువారిని నేడు బిహేవియర్ టెక్నీషియన్లు అనుచున్నారు. పేరు క్రొత్తది గాని పని పాతదే.

ఫ్రాన్సు దేశమున ఆవేరాన్ అడవులలో తిరుగుచుండిన బాలు డొకడు 1800లో పారిస్ చేరెను. ఇటార్ అను యువ వైద్యుడు వానికి విక్టర్ అని పేరిడి విద్య గరపబూనెను. ఇటార్ నివేదికలు లోకప్రసిద్ధములు. కాని బాలునికి తిండి పెట్టి, షికారు త్రిప్పి, అనుదినము వానితో మెలగినది గెరాన్ అను ఇల్లాలు. కొన్నేండ్లకు వైద్యుడు ప్రయత్నము విరమించెను. ఆమె మాత్రము 1828లో విక్టర్ మరణించువరకు వానిని సాకెను.

ఇక 1964లో వుల్ఫ్, రిస్లీ, మీస్ అను మువ్వురు అమెరికనులు ప్రకటించిన వ్యాసము చూతము. ఆటిజం గల మూడున్నర యేండ్ల బాలునికి శుక్లములు వచ్చి, కంటి కటకములు తీసివేయవలసి వచ్చినది. అద్దములు ధరింపనిచో చూపు దక్కదు. పెట్టబోయిన వాడు కేకలు వేసి తల బాదుకొనును. అందుచేత వట్టి ఫ్రేములు గదిలో ఉంచి, వాడు తాకినను, చేతబట్టినను, కంటివైపు తెచ్చినను మిఠాయి ముక్కయో పండు ముక్కయో ఇచ్చిరి. చేసినవారు వైద్యశాల పరిచారకులు. పని నత్తనడక నడువగా, ఉదయపు ఆహారమునే బహుమతి చేసిరి. ఆకలిని పనిముట్టుగా వాడుట మాకు రుచింపదు. అయినను ఇల్లు చేరునాటికి బాలుడు దినమునకు సుమారు 12 గంటలు అద్దములు ధరించుచుండెను.

ఈ పద్ధతికి విశేష ప్రచారము తెచ్చినవాడు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన లోవాస్. 1987లో ఆయన ప్రకటించిన ఫలితములలో, వారమునకు 40 గంటల శిక్షణ పొందిన 19 మంది పిల్లలలో 9 మంది సాధారణ పాఠశాలలో మొదటి తరగతి నెగ్గిరి. ఆ గంటలు కూర్చున్నవారిలో అధికులు విద్యార్థులు. ఏ బిడ్డ ఏ వర్గమున చేరవలెనో చీటీలు వేసి నిర్ణయింపలేదు. శిక్షకులు దొరకుటను బట్టి నిర్ణయించిరి! విమర్శకులు పట్టుకొన్న లోపమిది. అంతకంటె పెద్ద లోపము దండన. 1960లలో ఆయన ప్రయోగశాలలో విద్యుద్ఘాతములు సైతము వాడిరి. 1987 నాటి శిక్షణలోను గట్టిగా గద్దించుట, తొడపై చరచుట కలవు. అట్టి శిక్షణ పొంది పెరిగినవారిలో కొందరు, చేతు లాడించిన ఆపిరనియు, కన్నులలో చూడుమని బలవంతపెట్టిరనియు చెప్పుచున్నారు. వారి సాక్ష్యము త్రోసివేయదగినది కాదు.

అమెరికాలో ఈ వృత్తికి 2014లో ప్రత్యేక ధ్రువపత్రము ఏర్పడినది. అందులకు కావలసిన శిక్షణ 40 గంటలు. అనగా లోవాస్ పిల్లలకు ఒక్క వారమున పట్టిన కాలము. పిదప పరీక్ష కలదు. పనిచేయు గంటలలో నూటికి కనీసము 5 పర్యవేక్షణలో జరుగవలెను. తక్కిన 95 గంటలలో బిడ్డ మొగము త్రిప్పుకొన్నపుడు, అది మొండితనమో, అలసటయో, బాధయో పోల్చుకొనవలసినవాడు ఆ శిక్షకుడే.