వేలిముద్ర నుండి బొటనవేలి బొమ్మ వరకు

కథ చెప్పువానికి ఊ కొట్టువాడు కావలెనని మన పల్లెలలో చిన్నపిల్లలకు కూడ తెలియును. ఊ అనుట కథకు సమాధానము కాదు. మెచ్చుకోలు కూడ కాదు. “వినుచున్నాను, ముందుకు సాగుము” అని మాత్రమే దాని అర్థము. ఊ ఆగిపోయినచో వినువాడు నిద్రించెనని కథకుడు గ్రహించును. బుర్రకథలో వంతలు పలుకు తందాన కూడ కొంతవరకు ఇట్టిదే. ఎదుటివాని మాటను అడ్డగింపక మన మనోభావమును క్లుప్తముగా తెలుపు ఉపాయమును మనుష్యులు ఏనాడో కనుగొనిరి.

నేడు సెల్‌ఫోనులో ఒక సందేశముపై వ్రేలు నొక్కిపట్టి, దానికొక చిన్న బొమ్మను తగిలించుట ఈ ఊ కొట్టుటకు నూతన రూపము. అయితే ఒక భేదము కలదు. ఎదుట కూర్చున్నవాని ఊలో స్వరమున్నది, ముఖమున్నది. బొమ్మకు ఆ రెండును లేవు. మరి దాని అర్థమును నిర్ణయించునది ఏది? దానిని వాడుటలో పాటింపవలసిన మర్యాద ఏది? ఈ ప్రశ్నలకు చరిత్ర కొంత సమాధానము చెప్పగలదు.

అంకెలలో శుభాకాంక్షలు

మన దేశపు తంతి కార్యాలయములలో శుభాకాంక్షల వాక్యములు ముందుగానే నిర్ణయింపబడి పట్టికగా ఉండెడివి. పెండ్లికొకటి, పండుగకొకటి, పరీక్షలో ఉత్తీర్ణతకు మరియొకటి. ఒక్కొక్క వాక్యమునకు ఒక్కొక్క అంకె. పంపువాడు అంకెను సూచించినచో తంతిపై ఆ అంకెయే పయనించును. అందుకొను కార్యాలయమున దానిని పూర్తి వాక్యముగా మార్చి కాగితముపై వ్రాసి ఇత్తురు. 2013 జూలైలో తంతి సేవ ముగియుటతో ఈ పద్ధతియు ముగిసినది. తంతి ఉద్యోగులు తమలో తాము వీడ్కోలు చెప్పుకొనుటకు వాడిన 73 అను అంకె మాత్రము రేడియో అభిరుచి గలవారిలో నేటికిని “శుభాకాంక్షలు” అను అర్థమున నిలిచియున్నది.

ఈ ఏర్పాటులో గమనింపవలసిన విషయమొకటి కలదు. రెండు చివరలందును ఒకే పట్టిక ఉన్నప్పుడే అంకెకు అర్థము. పట్టిక వేరైనచో పెండ్లి శుభాకాంక్ష మరియొకటిగా చేరును.

ముఖమును అచ్చుగుర్తులతో చిత్రించుట కూడ పాతదే. 1881లో పక్ అను అమెరికన్ హాస్యపత్రిక సంతోషము, విచారము, ఉదాసీనత, ఆశ్చర్యము అను నాలుగు భావములను కేవలము విరామ చిహ్నములతో కూర్చి ముద్రించెను. 1982 సెప్టెంబరు 19వ తేదీన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములోని కంప్యూటరు శాస్త్రజ్ఞుడు స్కాట్ ఫాల్మన్ తన సహోద్యోగులకు ఒక సూచన చేసెను. హాస్యమునకు వ్రాసినదానిని కొందరు నిజమని నమ్మి వాదమునకు దిగుచుండిరి. కనుక హాస్యమైనచో చివర రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక కుండలీకరణము చేర్చి, ప్రక్కకు వాలిన నవ్వుముఖమును చూపవలెనని ఆయన చెప్పెను. అపార్థమును తొలగించుటకే ఈ గుర్తు పుట్టినదని మనము మరువరాదు.

జపానులో పుట్టిన చిత్రాక్షరములు

జపానులో 1997లో ఒక టెలిఫోను సంస్థ 90 చిన్న బొమ్మలు గల ఫోనును అమ్మకమునకు పెట్టెను. 1999లో డొకొమో సంస్థకై షిగెటాకా కురిటా 176 బొమ్మలను రూపొందించెను. ఒక్కొక్క బొమ్మకు అడ్డముగా 12, నిలువుగా 12, వెరసి 144 చుక్కల స్థలము మాత్రమే కలదు. వీనిని 2016లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల తన భాండారమున చేర్చుకొనెను. జపానీ భాషలో ‘ఎ’ అనగా చిత్రము, ‘మోజి’ అనగా అక్షరము. ఎమోజీ అనగా చిత్రాక్షరమని అర్థము.

మొదట ఒక సంస్థ బొమ్మలు మరియొక సంస్థ ఫోనులో సరిగా కనబడెడివి కావు. తంతి పట్టిక సమస్యయే ఇచ్చట మరల ఎదురైనది. ప్రపంచ లిపులన్నిటికిని ఒక్కొక్క సంఖ్యను కేటాయించు యూనికోడ్ అను ఏర్పాటు 1991 నుండి ఉన్నది. తెలుగు లిపి అందు మొదటి నుండియు కలదు. 2010 అక్టోబరులో వందలకొలది ఎమోజీలు కూడ అందు చేరినవి. ‘అ’ అక్షరము సంఖ్య 3077 కాగా, పైకెత్తిన బొటనవేలు 128077. జోడించిన చేతులు 128591.

ఫోనుల మధ్య పయనించునది ఈ సంఖ్యయే, బొమ్మ కాదు. సంఖ్యను బొమ్మగా మార్చు పని అందుకొనిన ఫోనుది. ఈ మార్పిడి ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే చూపినది. ‘జ్ఞా’ అను రూపమునకు కంటికి కనబడని ఒక సంకేతము చేరినపుడు, దానిని చిత్రింపలేక ఆపిల్ ఫోనులలోని కార్యక్రమములు స్తంభించిపోయెను. ఆ నెలలోనే సంస్థ దానిని సవరించెను. ఇక నవ్వుముఖముల విషయమున చిక్కు మరియొక విధమైనది. కార్యక్రమము ఆగిపోదు గాని అర్థము మారును. ఒకే సంఖ్య గల ముఖమును ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క తీరున చిత్రించుటచే, ఒకచోట ఆనందముగా తోచినది మరియొకచోట పండ్లు బిగబట్టిన బాధగా తోచుచున్నదని 2016లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపిరి.

సందేశమునకు వ్రేలాడు చిహ్నము

ఎమోజీని మాటల మధ్య వాడుట ఒకటి. ఇతరుల సందేశమునకు తగిలించుట వేరొకటి. ఫేస్‌బుక్‌లో 2009 ఫిబ్రవరిలో ‘లైక్’ మీట వచ్చినది. మరణవార్తకు కూడ ‘ఇష్టము’ అని నొక్కవలసి వచ్చుట ఎబ్బెట్టుగా తోచుచుండెను. 2016 ఫిబ్రవరిలో ప్రేమ, నవ్వు, ఆశ్చర్యము, విచారము, కోపము చేర్చబడినవి. వాట్సాప్‌లో 2022 మే నెలలో ఆరు చిహ్నములతో ఈ సౌకర్యము ప్రారంభమైనది: బొటనవేలు, హృదయము, కన్నీరు వచ్చునంత నవ్వు, తెరచిన నోరు, కన్నీరు, జోడించిన చేతులు. ఆ జూలైలో ఏ ఎమోజీనైనను వాడుటకు వీలు కల్పించిరి. ఒకరు ఒక సందేశమునకు ఒకే చిహ్నమును తగిలింపగలరు, మార్చవచ్చును, తీసివేయవచ్చును. ఎవరు ఏది తగిలించిరో బృందములోని వారందరు చూడగలరు.

ముద్రయా, బొమ్మయా?

బొటనవేలికి మన దేశమున ఒక చరిత్ర కలదు. 1858 జూలైలో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అను అధికారి, రోడ్డుకు రాళ్లు సరఫరా చేయు రాజ్యధర్ కొనాయితో ఒప్పందము వ్రాయించుకొనుచు, కాగితము వెనుక అతని అరచేతి ముద్రను తీసికొనెను. తరువాత ఒప్పుకొనలేదని అనకుండుటకు ఇది ఉపాయము. 1877లో హుగ్లీలో పింఛనులకు, దస్తావేజులకు వ్రేళ్ల ముద్రలు తీసికొనుట ఆయన ప్రారంభించెను. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము స్థాపింపబడెను. అక్షరము రానివానికి వేలిముద్రయే సంతకమైనది. చదివి వినిపింపని కాగితముపై ముద్ర వేసి భూమి పోగొట్టుకొన్న రైతుల కథలు మన ప్రాంతమున కొల్లలు.

ఇప్పుడు ఫోనులోని బొటనవేలి బొమ్మ కూడ సంతకమగునా? కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రమున ఈ ప్రశ్న న్యాయస్థానమునకు చేరెను. 2021 మార్చిలో ఒక ధాన్య వ్యాపార సంస్థ ప్రతినిధి, 87 టన్నుల అవిసె గింజలు కొనుటకు వ్రాసిన ఒప్పందపు ఛాయాచిత్రమును ఒక రైతుకు పంపి ధ్రువపరచుమని కోరెను. రైతు బొటనవేలి బొమ్మను పంపెను. నవంబరు నాటికి ధర బాగుగా పెరిగెను, గింజలు రాలేదు. కాగితము అందినదని చెప్పుటకే బొమ్మను పంపితినని రైతు వాదించెను. అయితే అంతకుపూర్వము ఆయన “సరే” వంటి పొట్టి మాటలు పంపి, అట్టి ఒప్పందములను నెరవేర్చియుండెను. ఈ వాడుకను ఆధారముగా గైకొని 2023 జూన్‌లో న్యాయమూర్తి ఆ బొమ్మ సంతకముతో సమానమని నిర్ణయించి, 82,200 డాలర్లకు పైగా నష్టపరిహారము విధించెను. 2024 డిసెంబరులో పై న్యాయస్థానము ఆ తీర్పును సమర్థించెను.

ఆ 2024లోనే మద్రాసు హైకోర్టు ఎదుటకు వేరొక వివాదము వచ్చెను. రైల్వే రక్షణ దళములో ఒక అధికారి హత్యకు గురియగుటను గూర్చి వాట్సాప్ బృందమున వచ్చిన సందేశమునకు, ఒక కానిస్టేబులు బొటనవేలి బొమ్మను పెట్టెను. హత్యను హర్షించెనని అతనిని ఉద్యోగము నుండి తొలగించిరి. ఆ బొమ్మకు “సరే, చూచితిని” అను అర్థము కూడ ఉన్నదనియు, దానిని హర్షముగా తలపరాదనియు హైకోర్టు నిర్ణయించెను.

ఒకే బొమ్మ ఒకచోట సంతకమైనది; మరియొకచోట చూచితినను గుర్తు మాత్రమైనది. రెండు తీర్పులకు వైరుధ్యము లేదు. సందర్భము, పూర్వపు వాడుక చిహ్నమునకు అర్థమిచ్చుచున్నవి. అయినను న్యాయము తేలులోపల ఒకరికి ధనము, మరియొకరికి కొంతకాలము జీవనాధారము పోయినవి.

కోస్గి వంటి ఊరిలో

చిరకాలము మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2019లో నారాయణపేట జిల్లాలో చేరిన కోస్గి ప్రాంతమున తెలుగు, ఉర్దూ, కన్నడము ఇరుగుపొరుగు భాషలు. సమీపమున గల కొడంగల్ తాలూకా 1956 వరకు నాటి గుల్బర్గా జిల్లాలోనిది. దండమనువారు, శనార్థులనువారు, సలామనువారు, శరణనువారు ఒకే సంతలో కలిసికొందురు. ఎవరికి ఏ మాటతో పలుకరింపు చేయవలెనో ఇచ్చటివారికి ఒకరు నేర్పవలసిన పని లేదు. జోడించిన చేతుల బొమ్మ జపానులో “దయచేసి”, “కృతజ్ఞతలు” అను అర్థములలో పుట్టి, మన నమస్కారముగా మారినది ఈ విధమైన వాడుక వలననే.

పాలమూరు నుండి పనికై ముంబై, పూణె నగరములకు పోయినవారికి ఇంటి వార్తలు ఇప్పుడు ఫోను బృందములలో చేరుచున్నవి. పాఠశాలల విషయమునను ఇంతే. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్, టీశాట్ ద్వారా పాఠములు ప్రసారమైన కాలమున, ఉపాధ్యాయులకు విద్యార్థులకు నడుమ వాట్సాప్ బృందములే వంతెనలైనవి. ఇంటికొక ఫోను ఉన్నచోట, పాఠమునకు తగిలించిన బొటనవేలు విద్యార్థిదో, అన్నదో, తండ్రిదో తెలియదు. వేలిముద్ర మనిషి ఎవరో చెప్పును. వేలిబొమ్మ ఫోను ఎవరిదో మాత్రమే చెప్పును. బొమ్మలను లెక్కించి హాజరు వేసినచో, పాఠము అర్థముకాని బాలుడు అర్థమైనవారిలో చేరిపోవును.

పాటింపదగిన మర్యాదలు

ధనము, భూమి, కూలి, సెలవు, ప్రయాణము మొదలగు విషయములలో సమ్మతిని మాటలలోనే వ్రాయవలెను. “చూచితిని, రేపు చెప్పెదను” అను మూడు మాటలు పెద్ద వివాదమును తప్పించును. చదువని ప్రకటనకు బొటనవేలు చూపుట, చదువని కాగితముపై ముద్ర వేయుట వంటిదే.

మరణవార్తకు బొటనవేలు తగదు. దూరపు పరిచయస్థులు చేతులు జోడించిన చాలును. దగ్గరివారు ఫోను చేయవలెను, లేదా రెండు మాటలు వ్రాయవలెను. కన్నీటితో నవ్వు ముఖమును ఏడుపు ముఖమని పొరబడువారు పెద్దలలో కొందరు కలరు. అట్టివారిని బృందములో ఎత్తిపొడువక, విడిగా చెప్పుట మర్యాద.

విద్యార్థి తప్పు సమాధానము వ్రాసినపుడు నవ్వుముఖము తగిలింపరాదు. తరగతిలో నవ్వు ఒక నిమిషములో చల్లారును. ఈ నవ్వు పేర్లతో సహా నిలిచియుండును. మరుసటి దినము ఆ బాలిక ప్రశ్న అడుగుట మానినచో, ఆ నష్టము లెక్కకు రాదు. ఇట్టి చిహ్నము కనబడినపుడు ఉపాధ్యాయుడు దానిని తీసివేయించి, సమాధానములో సరియైన భాగమేదో వ్రాసి చూపుట మేలు.

మన సందేశమునకు ఎవరును చిహ్నము పెట్టలేదని నొచ్చుకొనరాదు. పొలములో ఉన్నవానికి, తట్ట మోయుచున్నవానికి ఫోను చూచు తీరిక ఉండదు. వ్రేలు జారి పొరపాటు చిహ్నము పడినచో తీసివేసి, అప్పటికే చూచిన వారికి ఆ మాట చెప్పుట ఉచితము.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. పైన పేర్కొన్న ఆరు చిహ్నములను నల్లబల్లపై గీసి, ఒక్కొక్కదానికి తమకు తోచిన అర్థమును విద్యార్థులచే విడివిడిగా కాగితముపై వ్రాయింపవలెను. అవే చిహ్నములకు ఇంటిలోని పెద్దల అర్థమును కూడ వ్రాసి తెమ్మనవలెను. రెండు పట్టికలను ప్రక్కప్రక్కన ఉంచి, ఎచ్చట భేదమున్నదో విద్యార్థులచేతనే చెప్పింపవలెను. ఆ భేదములున్నచోటనే వారు బొమ్మను విడిచి మాటను వాడుట నేర్చుకొందురు.