మగ్గానికో పన్ను

గుత్తి బస్సులో పక్కసీటాయన “యాడికప్పా?” అన్నాడు. “యాడికే” అన్నాను. వెక్కిరిస్తున్నాననుకున్నాడు పాపం!

ఆ ఊళ్లో మగ్గం చప్పుడు వింటే నాకు మొహతర్ఫా గుర్తొస్తుంది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగిస్తే, మన్రో దొర కలెక్టరై వచ్చాడు. కంపెనీ ఏలుబడిలో మగ్గముంటే పన్ను, గుడ్డ ఊరు దాటితే దారిసుంకం. 1813లో ఇంగ్లండు రేవులో మన కాలికో గుడ్డకు నూటికి 70 పైచిలుకు సుంకం. అక్కడి గుడ్డ ఇక్కడ దిగితే నామమాత్రం. అదే ఏడు మన్రో పార్లమెంటు కమిటీ ముందు మన శాలువాను తెగ మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటే పన్ను తగ్గుతుందా? దారిసుంకం 1844లోగానీ, మొహతర్ఫా 1861లోగానీ పోలేదు. అప్పటికే లాంకషైరు గుడ్డ మన సంతల్లో పరిచేసి ఉంది.