గాలిమోటర్ల కింద మా ఊరు

మా నాయనమ్మ ఎన్నడూ విమానం అనలేదు, గాలిమోటరు అనేది. చెల్కలో కలుపు తీస్తూ చప్పుడు వినగానే నడుం ఎత్తి, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా చూసేది. ఆ చెల్కలో ఇప్పుడు మూడంతస్తుల ఇళ్లున్నాయి. గాలిమోటర్లు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు బేగంపేట చుట్టుపక్కలవాళ్ల చెవులు తెరిపిన పడ్డాయి. నాగారంలో మాకు తేడా ఏమీ తెలియలేదు. మాది హకీంపేట చప్పుడు. మాకు వాయవ్యాన ఉన్న ఆ వైమానిక దళ కేంద్రంలో ఫైటర్ పైలట్లకు శిక్షణ ఇస్తారు. ఒకప్పుడు వాంపైర్ జెట్లు ఉండేవి, తర్వాత హెచ్‌ఏఎల్ తయారుచేసిన కిరణ్‌లు వచ్చాయి. దుండిగల్‌లో తొలి పాఠాలు నేర్చుకున్న క్యాడెట్లు ఇక్కడికొచ్చి జెట్ నడపడం నేర్చుకుంటారు. మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా 2016లో పేరు తెచ్చుకున్న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ హకీంపేటలో కిరణ్ నడిపినవాళ్లే. మా ఊరి మీదుగానూ ఎగిరి ఉంటారనుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నేర్చుకునేవాళ్లు కదా, పోయిన విమానమే మళ్లీ తిరిగొస్తుంది. కిటికీ అద్దం సన్నగా జుయ్యిమంటుంది. ఫోన్లో మాట్లాడేవాళ్లు "ఒక్క నిమిషం" అని ఆగుతారు. చప్పుడు వచ్చిన దిక్కు చూస్తే ఏమీ కనబడదు. దానికంటే ముందుకు చూడాలి. ఈ సంగతి ఇక్కడి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2017 సెప్టెంబర్ 28, సద్దుల బతుకమ్మ. ఇంటింటా తాంబాలంలో తంగేడు, గునుగు పేరుస్తున్న రోజు. హకీంపేట నుంచి లేచిన కిరణ్ ఒకటి మా కీసర మండలంలోనే అంకిరెడ్డిపల్లి దగ్గర కూలి కాలిపోయింది. శిక్షణలో ఉన్న పైలట్ ప్యారాచూట్‌తో దూకి బతికాడు. మా అమ్మ గునుగుపూల కట్ట చేతిలో పట్టుకునే "పిలగాడు పైలమేనా?" అని అందరినీ అడిగింది. పైలమే అని తెలిసినంక కూడా చాలాసేపు ఆమె చెయ్యి కదల్లేదు. పైన ఉన్నది ఒక తల్లి బిడ్డ అని నాకు ఆ రోజే మనసుకు పట్టింది.

కిరణ్‌కు ఉండేది ఒక్కటే ఇంజన్. ఆగితే రెండోది లేదు. అలాంటి జెట్లు తిరిగే హకీంపేటకూ మాకూ నడుమనే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు ఉంది. హైదరాబాద్ చెత్త గుట్టలుగా పడి ఉంటుంది. దాని మీద గద్దలు, కాకులు తిరుగుతాయి. ఒక్క గద్ద ఇంజన్‌లో పడితే చాలు, పైనున్న బిడ్డకూ కింద ఉన్న ఇళ్లకూ ప్రమాదమే. చప్పుడు భరించలేమని కొత్తగా ఇళ్లు కొన్నవాళ్లు అంటుంటే వింటాను. పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లలో ఆ బాధ నిజమే. కానీ విమానాలు వచ్చిననాడు ఇక్కడ చేన్లే ఉండేవి. రాంపల్లితో కలిసి నాగారం మున్సిపాలిటీ అయిందే 2019లో. అందుకే విమానాలు ఆపమని నేను అడగను. వాటి దారి కింద చెత్త పోయడం ఆపమని అడుగుతున్నాను.