పరిచర్యకు పట్టము

చికిత్సకు నాలుగు పాదములు కలవని చరకసంహిత చెప్పుచున్నది. అవి వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వీనిలో ఏ యొక్కటి కొరవడినను చికిత్స కుంటుపడును. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు చెప్పబడినవి. పరిచారకునకు విధించిన గుణములు ఉపచారజ్ఞానము, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము. ఈ వరుసలో జ్ఞానము మొదట నిలిచినది; అనురాగము దాని తరువాతనే వచ్చినది. అయినను మన సంఘము శతాబ్దములపాటు రోగి పరిచర్యను ఇంటిలో ఇల్లాలి ధర్మముగాను, వెలుపల దిక్కులేనివారి జీవనోపాధిగాను చూచినదేగాని, కూర్చుండి నేర్చుకొనవలసిన విద్యగా చూడలేదు. ఆ పని పాఠశాలకు చేరిన విధమును, పాఠశాలనుండి విశ్వవిద్యాలయమునకు ఎక్కిన విధమును, ఆ పిమ్మట ప్రభుత్వ కొలువులో దానికి దక్కిన స్థానమును విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఆధునిక నర్సింగ్ విద్యకు 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రియందు ఫ్లారెన్స్ నైటింగేల్ పేరిట నెలకొన్న పాఠశాల నాంది యని చెప్పుట వాడుక. ఆ మహనీయురాలు ఎన్నడును భారతదేశమునకు రాలేదు. కాని ఇచ్చటి సైనికుల ఆరోగ్యస్థితిని విచారించిన రాయల్ కమిషను 1863లో సమర్పించిన నివేదిక వెనుక ఆమె కృషి మిక్కుటముగా కలదు. మన దేశమున ఈ శిక్షణకు తొలి ముహూర్తము పెట్టిన నగరములలో మద్రాసు ముందున్నది. అచ్చట 1854లో మంత్రసానుల శిక్షణకు ప్రభుత్వము అనుమతి నొసగెను. 1871లో జనరల్ ఆసుపత్రియందు శిక్షణాలయము ఏర్పడెను. 1885లో లేడీ డఫరిన్ పేరిట వెలసిన నిధి స్త్రీవైద్యులతోపాటు నర్సులను, మంత్రసానులను తయారుచేయుటకును పూనుకొన్నది.

తెలుగుదేశమున ఈ మార్పు ప్రధానముగా మిషను ఆసుపత్రుల ద్వారా ప్రవేశించినది. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ పదునైదేండ్లు శ్రమించిన పిమ్మట 1898లో ఆసుపత్రిని తెరచెను. వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లో నర్సుల పాఠశాలను ప్రారంభించెను. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడువరకు చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తరార్కాటు జిల్లాలో నుండినవి. అందుచే వేలూరు ఆసుపత్రి తెలుగువారికి పొరుగూరి ఆసుపత్రి కాదు, తమ జిల్లా ఆసుపత్రియే అయినది.

అయితే ఈ పాఠశాలలలో చేరినవారెవరు? అధికభాగము క్రైస్తవ కుటుంబముల బాలికలు, ఆంగ్లో ఇండియన్ యువతులు. హిందూ, మహమ్మదీయ గృహస్థులు తమ ఆడపిల్లలను ఈ వృత్తికి పంపుటకు వెనుదీసిరి. పరపురుషుల దేహములను తాకవలసియుండుట, రక్తమును మలమూత్రములను శుభ్రపరచవలసియుండుట, రాత్రివేళ కొలువు, ఇల్లు విడిచి వసతిగృహములో నివాసము, ఇవి అన్నియు నాటి ఆచారములకు విరుద్ధములుగా తోచినవి. బాల్యవివాహములు జరుగుచున్న దినములలో మూడేండ్ల శిక్షణకు వచ్చు కన్యలే అరుదు. ఆసుపత్రి మంచముమీద నర్సును చేతులెత్తి మ్రొక్కిన గృహస్థుడే ఇంటికి వచ్చిన పిమ్మట ఆమె వృత్తిని గూర్చి చులకనగా మాటాడుట వింతగా ఎవరికిని తోచలేదు.

శిక్షణ పద్ధతియందును లోపము లేకపోలేదు. ఆసుపత్రి పాఠశాలలో విద్యార్థిని పేరునకు విద్యార్థిని. వాస్తవమున వార్డును నడిపించు చవుకయైన పనిమనిషి. పాఠమునకు గంట కొట్టునప్పుడు వార్డులో రోగులు ఎక్కువగా ఉన్నచో ఆనాటికి పాఠము ఆగిపోవుచుండెను. ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క పాఠ్యక్రమము, ఒక్కొక్క యోగ్యతాపత్రము. 1908లో శిక్షణ పొందిన నర్సుల అఖిల భారత సంఘము ఏర్పడి, 1910లో తన పత్రికను వెలువరించి, ఈ అవ్యవస్థను గూర్చి మాటాడసాగెను. మద్రాసు రాష్ట్రము 1926లో నర్సుల, మంత్రసానుల నమోదునకు చట్టము చేసి ఇతర రాష్ట్రములకు మార్గము చూపెను.

ఇట్టి స్థితిలో 1943లో భారత ప్రభుత్వము సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఆరోగ్య పరిశీలనాభివృద్ధి సంఘమును నియమించెను. 1946లో వెలువడిన ఆ సంఘపు నివేదికలోని అంకెలు నేటికిని చదువరిని నిలువరించును. బ్రిటిషు ఇండియా అంతటికి నర్సులు సుమారు 7,000 మంది మాత్రమే. అనగా 43,000 మంది ప్రజలకు ఒక్క నర్సు. ఇంగ్లండులో 300 మందికి ఒకరు. ఆ కాలముననే మన దేశమున వైద్యులు సుమారు 47,500 మంది యుండిరి. అనగా మందు వ్రాయువారు ఏడుగురుండగా, ఆ మందును వేళకు ఇచ్చి దాని ఫలితమును కనిపెట్టువారు ఒక్కరు. నివేదిక ఈ లోటును చెప్పి ఊరకుండలేదు. నర్సుల శిక్షణను విస్తరింపవలెననియు, సాధారణ శిక్షణకు పైన విశ్వవిద్యాలయ పట్టవిద్య కూడ ఉండవలెననియు సూచించినది.

ఆ 1946వ సంవత్సరమే భారతీయ నర్సింగ్ విద్యకు మలుపు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వము నర్సింగ్ కళాశాలను నెలకొల్పి, ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా బి.ఎస్‌సి. ఆనర్సు తరగతిని ప్రారంభించెను. దానికి మొదటి ప్రిన్సిపాలు మార్గరెట్టా క్రెయిగ్. అదే సంవత్సరమున వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోని నర్సుల పాఠశాల మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టమునకు విద్యార్థినులను సిద్ధపరచు కళాశాలగా పెరిగెను. ఒకటి ప్రభుత్వపు పూనికతో, రెండవది ధర్మసంస్థ పూనికతో. రెండింటి ఆశయమును ఒక్కటియే: నర్సు బోధకురాలు కావలెను, వార్డును పాలింపగల అధికారిణి కావలెను, గ్రామములలో ప్రజారోగ్యమునకు బాధ్యత వహింపగల విద్యావతి కావలెను.

ఈ అడుగు ఎంత సాహసమైనదో తెలియుటకు ఇతర దేశములతో పోల్చి చూడవలెను. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయము 1909లోనే నర్సింగ్ పాఠశాలను తన యందు చేర్చుకొన్నది. కాని నైటింగేల్ స్వదేశమైన బ్రిటనులో మొదటి నర్సింగ్ పట్టవిద్య ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున 1960లో గాని ప్రారంభము కాలేదు. పాలితదేశమని పేరు పడిన భారతదేశము ఈ విషయమున పాలకదేశముకంటె పదునాలుగేండ్లు ముందుగా నడచినది. కరవు, యుద్ధము, విభజన భయము ముప్పిరిగొన్న దినములలో ఈ పని జరిగినదని స్మరించినప్పుడు, దానిని సంకల్పించినవారి దూరదృష్టి మరింత స్పష్టమగును.

పట్టవిద్య తెచ్చిన ముఖ్యమైన మార్పు ఏమనగా, విద్యార్థిని మొట్టమొదట విద్యార్థినియే అయినది. నాలుగేండ్ల కాలమున ఆమె శరీరనిర్మాణ శాస్త్రమును, శరీరధర్మ శాస్త్రమును, సూక్ష్మజీవి శాస్త్రమును, పోషణను, మనస్తత్వ శాస్త్రమును, సమాజ శాస్త్రమును చదువును. ప్రసూతి, శిశుపోషణ, మానసిక ఆరోగ్యము, సమాజారోగ్యము, పరిశోధన పద్ధతులు, పాలన, ఇవి కూడ ఆమె పాఠ్యక్రమములోనివే. చదివినదానిని వార్డులోను, పల్లెలోను ఆచరించి చూపవలెను. శస్త్రచికిత్స జరిగిన రోగి నాడి గంట గంటకు వేగము హెచ్చుచు, రక్తపుపోటు తగ్గుచు, చర్మము చల్లబడుచున్నచో, ఆ మూడు చిహ్నములను కలిపి లోపల రక్తస్రావము జరుగుచున్నదని అనుమానించి వైద్యుని పిలువగలుగుట కేవలము అనురాగముచే సాధ్యము కాదు. వైద్యుడు రోగిని దినమునకు కొలది నిమిషములు చూచును. నర్సు రేయింబవళ్లు చూచును. ఆ చూపునకు అర్థము తెలిసియుండుటయే పట్టవిద్యకు ప్రయోజనము.

స్వాతంత్ర్యానంతరము రాజకుమారి అమృతకౌర్ 1947 నుండి 1957 వరకు కేంద్ర ఆరోగ్యమంత్రిగా నుండి ఈ విద్యను ఆదరించెను. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చినది. 1949లో కౌన్సిల్ ఏర్పడి దేశమంతటికి సమానమైన ప్రమాణములను నిర్ణయింపసాగెను. ఢిల్లీ కళాశాలలో 1959లో ఉన్నతపట్ట తరగతి కూడ ప్రారంభమైనది. ఆ కళాశాలకు తరువాత అమృతకౌర్ పేరే పెట్టిరి. లజపత్‌నగర్ మార్గమున పోవు ఉద్యోగులకు ఆ పేరు సుపరిచితమే.

పట్టవిద్య ఏర్పడినంత మాత్రమున దానికి తగిన విద్యార్థినులు దొరకవలెను గదా! పాఠశాల చదువే పూర్తికాని స్త్రీలు కోట్లకొలది యున్న దేశమున ఇది చిన్న చిక్కు కాదు. ఇచ్చటనే ఒక తెలుగు వనిత సేవ స్మరణీయమైనది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ నాయకత్వమున 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమములు ఆరంభింపబడినవి. చదువు మధ్యలో మానిన స్త్రీలు, వితంతువులు, భర్తృపరిత్యక్తలు రెండు మూడేండ్లలో పరీక్షలకు సిద్ధమై ఉపాధ్యాయినులుగాను, నర్సులుగాను, మంత్రసానులుగాను శిక్షణ పొందుటకు అర్హత సంపాదించుట ఆ పథకపు ఉద్దేశము. పై అంతస్తునకు మెట్లు కట్టుటయు అంతస్తు కట్టుటతో సమానమైన పనియే.

తెలుగునేలపై హైదరాబాదు సోమాజీగూడలోని ప్రభుత్వ నర్సింగ్ కళాశాల ఉస్మానియా విశ్వవిద్యాలయపు నీడన పెరిగి అనేకమంది బోధకురాండ్రను తయారుచేసినది. 1986లో విజయవాడయందు ఆరోగ్య విజ్ఞానములకు ప్రత్యేక విశ్వవిద్యాలయము ఏర్పడిన పిమ్మట ఈ విద్య దాని పాలనలోనికి వచ్చినది. రాష్ట్ర విభజనానంతరము తెలంగాణమునకు వరంగల్లున కాళోజీ పేరిట వేరు విశ్వవిద్యాలయము వెలసినది. ప్రైవేటు కళాశాలలు విస్తరించినవి. పల్లెల బాలికలు, వారితోపాటు బాలురును ఈ చదువునకు ముందుకు వచ్చుచున్నారు. ఒకనాడు పెండ్లికి అడ్డమని తలచిన చదువే నేడు కుటుంబమునకు ఆధారమగుచున్నది.

ఇక ఈ పట్టమునకు కొలువులో దక్కిన స్థానమెట్టిది? ఇది కార్యాలయ వ్యవహారములు తెలిసినవారు ముఖ్యముగా గమనింపవలసిన అంశము. నర్సుల సేవానిబంధనలను, జీతభత్యములను పరిశీలించుటకు 1954లో ఎ. బి. శెట్టి అధ్యక్షతన ఒక సంఘము పనిచేసినది. మరల 1980ల చివర సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన ఉన్నతస్థాయి సంఘము విచారణ జరిపి 1989లో నివేదిక నొసగినది. రెండు నివేదికల నడుమ ముప్పది యైదేండ్లు గడచినవి. చర్చింపబడిన సమస్యలు మాత్రము చాలవరకు పాతవే. 2016లో కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులలో స్టాఫ్ నర్సు అను పేరు నర్సింగ్ ఆఫీసరుగా మార్చబడెను. పేరు మారుట గౌరవమే. కాని అఖిల భారత వైద్యసంస్థల నియామకములలో నాలుగేండ్ల పట్టము పొందినవారును, డిప్లొమాతోపాటు రెండేండ్ల అనుభవము గలవారును ఒకే పదవికి, ఒకే వేతనమునకు పోటీపడుదురు. డిప్లొమా నర్సుల అనుభవము తక్కువది కాదు. ఈ దేశపు వార్డులను దశాబ్దములుగా మోసినవారు వారే. అయినను అధిక విద్యకు తగిన అధిక బాధ్యత, దానికి తగిన మెట్టు రోగి మంచము ప్రక్కనే ఉండవలెను గదా! సైన్యమున పట్టము పూర్తిచేసిన నర్సు లెఫ్టినెంటు హోదాలో అధికారిణిగా ప్రవేశించును. సైన్యమునకు సాధ్యమైనది పౌర ఆసుపత్రులకు అసాధ్యమనుటకు కారణము కానరాదు.

ఈ ఉపేక్షకు మూల్యము చెల్లించునది రోగియే. పదోన్నతి అనగా వార్డును విడిచి బల్ల ముందు కూర్చుండుట యని ఏర్పడినప్పుడు, మిక్కిలి నేర్చినవారు రోగికి దూరమగుదురు. కొందరు బోధనకు, కొందరు గల్ఫు దేశములకు, మరికొందరు ఇంగ్లండునకు పోవుదురు. వారిని నిందించుట న్యాయము కాదు. నైటింగేల్ ద్విశతజయంతి సందర్భమున ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరముగా ప్రకటించిన 2020లోనే కోవిడ్ మహమ్మారి విరుచుకొనిపడెను. బంధువులు సైతము దరిచేరజాలని వార్డులలో ఊపిరి లెక్కించుచు కూర్చుండినది నర్సులే. దేశమంతయు చప్పట్లు చరచి వారిని అభినందించినది. చప్పట్ల శబ్దము ఎంత దూరము పోయినను సేవానిబంధనలలోని ఒక వాక్యమును మార్చజాలదు.

2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, ప్రసూతి సేవల కమిషను చట్టమును ఆమోదించి, 1947 నాటి కౌన్సిల్ స్థానమున కొత్త వ్యవస్థకు దారి వేసినది. అదే సంవత్సరమున వైద్య కళాశాలలకు జోడుగా 157 నర్సింగ్ కళాశాలలను 1,570 కోట్ల రూపాయల వ్యయముతో నెలకొల్పుటకు కేంద్ర మంత్రివర్గము అంగీకరించినది. ఇవి శుభసూచకములు. కళాశాలలు పెరిగినచో పట్టభద్రులు పెరుగుదురు. కాని 1946లో ఆ విద్యను విశ్వవిద్యాలయమునకు ఎక్కించిన పెద్దల ఆశయము పట్టాల సంఖ్యతో తీరునది కాదు. ప్రతి వార్డులో ఎంతమంది రోగులకు ఒక నర్సు ఉండవలెను, ఆమె నిర్ణయములకు ఎంతవరకు విలువ ఉండవలెను, ఇరువది యేండ్లు రోగి చెంతనే నిలిచిన పట్టభద్రురాలికి ఎట్టి పదోన్నతి కలుగవలెను అను ప్రశ్నలకు సమాధానము వ్రాయవలసినది విశ్వవిద్యాలయములు కావు, కార్యాలయములు. ఆ కాగితములు ఎవరి బల్లమీదికి వచ్చినను, వాని వెనుక మంచము పట్టిన మనిషి ఒకడు కలడని తలంచి కలము పట్టుట మంచిది.